నీళ్ల గంట

మా వీధి మలుపులో ఒక ప్రైవేటు స్కూలుంది. తిరుపతిలో ఏ వీధి మలుపులో లేదు గనక అంటారేమో, నిజమే. రిటైరై ఈ రెండో అంతస్తు ఇంట్లో దిగిన వారానికే ఆ స్కూలు దినచర్యంతా నాకు కంఠతా వచ్చేసింది. ఎన్నింటికి ప్రార్థన, ఎన్నింటికి పీటీ, ఏ సారు ఎక్కువగా అరుస్తాడు, ఇవన్నీ బాల్కనీలో బట్టలు ఆరేస్తూనే తెలిసిపోతాయి. పొద్దున పదిన్నరకు అక్కడొక గంట మోగుతుంది. పీరియడ్ గంట గడగడా మోగి ఊరుకుంటుంది. ఇది అట్లా కాదు, ఆగి ఆగి మూడుసార్లు. అది వినగానే పిల్లలందరూ సీసాల మూతలు తిప్పి నీళ్లు తాగాలి. ఆటల్లో పడి పిల్లలు దాహం సంగతి మరిచిపోతారని పెట్టిన పద్ధతి. నీళ్ల గంట అంటారు దాన్ని. పోయిన ఏడాది మా ఆయనకు కిడ్నీలో రాయి పడి, డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు. అప్పట్నించీ ఆ గంట ఆయనకూ పనికొచ్చింది. మోగగానే పేపరు పక్కన పడేసి చెంబెత్తి గటగటా తాగుతాడు. తాగి ఊరుకోడు. "టీచరమ్మా, గంట కొట్టినారు, నువ్వూ రా" అని నన్ను పిలుస్తాడు. నేను వంటింట్లో లేని పని కల్పించుకుంటాను. ముప్పై ఏళ్లు గంటల మధ్య బతికినదాన్ని, ఈ ఒక్క గంటకు ఎందుకు తప్పించుకు తిరుగుతానో ఆయనకు ఈరోజుదాకా చెప్పలేదు.

నేను జీవశాస్త్రం టీచర్ని. నా ఆఖరి స్కూలు బంగారుపాళ్యం దాటాక, హైవే నుంచి కొంచెం లోపలికి ఉండే ఒక ఊరి హైస్కూలు. అప్పట్లో మా కాపురం చిత్తూరులో. రోజూ పొద్దున బస్సెక్కి, హైవే మీద దిగి, మామిడి తోటల పక్కనుంచి పావుగంట నడిచి వెళ్లేదాన్ని. మిగిలిన నెలల్లో ఆ నడక ఎంత హాయిగా ఉండేదో, జూన్ జూలైల్లో అంత కష్టంగా ఉండేది. ఆ రెండు నెలలూ చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే కాలం. తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు తమ వంతు కోసం ఒకదాని వెనక ఒకటి నిలబడేవి. ఆ వరస ఒక్కోసారి మా స్కూలు వెనక గోడదాకా వచ్చి, అక్కడే రెండు రోజులు, మూడు రోజులు కదలకుండా ఉండేది. డ్రైవర్లు ట్రాక్టర్ల కిందే పడుకునేవాళ్లు, గోడ పక్కనే వండుకునేవాళ్లు. కుళ్లిన కాయల వాసన, దానికి ముసిరే ఈగలు, తరగతి గది కిటికీలోంచి పాఠం మధ్యలోకి వచ్చేసేవి. మా లెక్కల సారు ఈగల్ని కూడా హాజరుపట్టీలో ఎక్కించాలని అనేవాడు. ఈ ట్రాక్టర్ల సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మా హెడ్మిస్ట్రెస్‌ను అందరం పెద్దమేడం అనేవాళ్లం. ఆమె పుట్టిల్లు సత్యవేడు వైపు, నాలుగు మాటలకు ఒక అరవ మాట దొర్లేది. ఇంట్లో పొలాలు, పాడి, పనివాళ్లు అన్నీ ఉన్న మనిషి. స్కూల్లో మాత్రం అంత పొదుపరిని నేను ఎక్కడా చూడలేదు. సుద్దముక్కను మూడు తుంచి తలా ఒక తునక ఇచ్చేది. ఆమె గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. బల్బులు, ఫినాయిలు సీసాలు, చీపుర్లు, ధర చీటీ కూడా ఊడని బకెట్లు, అన్నీ అందులోనే. ఇన్‌స్పెక్షన్‌ ఉన్న రోజు అవి బయటికొచ్చి ఎండ చూసేవి, సాయంత్రానికి మళ్లీ లోపలికి పోయేవి. వేసింది బయటికి రాదు గనక ఆ బీరువాకు మేము హుండీ అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ఆమె చెవినా పడింది. కోపగించుకోలేదు. "మీకేమమ్మా, మార్చి నెల ఎట్లుంటాదో నాకు తెలుసు" అని మాత్రం అనింది. ఆమె చెప్పింది నిజమే. సుద్దముక్క దగ్గర్నుంచి కరెంటు బిల్లుదాకా స్కూలు నడిచే ఖర్చులకు ప్రభుత్వం ఏడాదికొకసారి గ్రాంటు ఇస్తుంది. బడి తెరిచేది జూన్లో, గ్రాంటు వచ్చేది మార్చి ఆఖరి వారంలో. వచ్చిన వారంలోపల ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది. అంటే పిల్లలు ఏడాదంతా వాడుకోవాల్సిన చీపురు, ఏడాది అయిపోయాక వస్తుందన్నమాట. ఈ సంగతి పైన ఎవరికీ వింతగా అనిపించేది కాదు. అందుకే ఆమె ఒక ఏడాది చీపుర్లను ఇంకో ఏడాదికి దాచేది.

ఆ స్కూలుకు కొత్త బాత్రూములు కట్టించారు. ఆడపిల్లలకు నాలుగు, మగపిల్లలకు నాలుగు. తెల్లటి టైల్సు, తిప్పితే నీళ్లొచ్చే కొళాయిలు, తలుపులకు లోపల గడియలు. ప్రారంభం రోజున ఊళ్లో ఆడవాళ్లు గుంపుగా వచ్చి తలుపులు తీసి తీసి చూశారు. వాటిని కడగడానికి ఒక మనిషిని కూడా పెట్టారు. ఆయమ్మ అనేవాళ్లం. ఆమె కూతురు మా స్కూల్లోనే ఏడో తరగతి చదువుతుండేది. ఆయమ్మ ఉన్నన్నాళ్లూ ఆ బాత్రూములు కొత్త పెళ్లికూతురి గదిలా ఉండేవి. పొద్దున మేం గేటు దాటేసరికే ఫినాయిలు వాసన ఎదురొచ్చేది. ఇల్లు కట్టించడం ఒక్కసారి ఖర్చు, దాన్ని ఊడ్చుకోవడం రోజూ ఖర్చు. ఈ రెండో ఖర్చు దగ్గరికి వచ్చేసరికి సర్కారుకు మతిమరుపు వస్తుంది. ఏప్రిల్ నుంచి ఆయమ్మకు జీతం ఆగిపోయింది. జూన్లో బడి తెరిచాక రెండు వారాలు ఊరికే పనిచేసి, ఒకరోజు పెద్దమేడం కాళ్లకు దండం పెట్టి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. అక్కడ సీజన్లో ఏ వారం కూలి ఆ వారమే చేతికొస్తుంది.

ఇక్కడే మా తెలివి పనిచేసింది. రోజూ పొద్దున తొమ్మిదిన్నరలోపల బాత్రూముల ఫోటోలు తీసి ఫోనులో పైకి పంపాలని రూలు. శుభ్రంగా లేకపోతే ఎర్ర గుర్తు పడుతుంది, తర్వాత సంజాయిషీ అడుగుతారు. కడిగే మనిషి లేదు. పిల్లలు వాడితే ఫోటో పాడవుతుంది. ఏ కొళాయో విరిగితే బాగుచేయించడానికి మార్చిదాకా పైసా రాదు. పెద్దమేడం బాగా ఆలోచించి నాలుగు తాళాలు కొనుక్కొచ్చి ఆడపిల్లల బాత్రూములకు వేయించింది. మగపిల్లలవి తెరిచే ఉన్నా ఎవరూ వాడేవాళ్లు కాదు, వాళ్లకు ఊరంతా గోడలే. స్టాఫ్‌లో ఫోను బాగా వాడటం తెలిసినదాన్ని నేను గనక ఆ తాళంచెవులు నాకే అప్పజెప్పింది. మరిచిపోకుండా వాటిని ఎర్ర రిబ్బనుతో నా హ్యాండ్‌బ్యాగు పిడికి కట్టుకున్నాను. పొద్దునే వెళ్లి తాళాలు తీసేదాన్ని, తళతళలాడే నాలుగు గదులకు నాలుగు ఫోటోలు తీసేదాన్ని, మళ్లీ తాళాలు వేసేదాన్ని. మండలంలో మా స్కూలుకే మంచి పేరొచ్చింది. ఆయమ్మ జీతం గురించి పెద్దమేడం పైకి ఫోను చేస్తే, మీ ఫోటోలు బాగానే ఉన్నాయి కదమ్మా, ఇంకేం ఇబ్బంది అని అడిగారట. ఆమె నాకది చెప్పి నవ్వింది, నేనూ నవ్వాను. ఆడపిల్లలు ఎక్కడికి పోతున్నారని మా ఇద్దరికీ తోచలేదు. పెద్దమేడం గదికి ఆనుకుని ఒక బాత్రూము ఉండేది, ఆడ టీచర్లం దాన్నే వాడేవాళ్లం. మన అవసరం తీరితే లోకానిది కూడా తీరినట్టే అనిపిస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను నీళ్ల గంట మొదలుపెట్టాను. ఎక్కడో ఏదో స్కూల్లో పెట్టారని చదివి ముచ్చటపడ్డాను. పదిన్నరకు ఒకసారి, రెండున్నరకు ఒకసారి ఆగి ఆగి మూడు దెబ్బలు కొట్టించేదాన్ని. పదో తరగతిలో అప్పుడే విసర్జన పాఠం నడుస్తోంది. మూడో వంతు సుద్దముక్కతో బోర్డు మీద రెండు కిడ్నీలు గీసి, నీళ్లు తాగకపోతే అవి ఎంత అవస్థ పడతాయో కథలాగా చెప్పేదాన్ని. పాఠం చెప్పడంలో నాకు మంచి పేరుండేది, ఆ పేరంటే నాకు ఇష్టంగానూ ఉండేది. మగపిల్లలు పోటీపడి తాగేవాళ్లు. ఆడపిల్లలు సీసా ఎత్తి దించేవాళ్లు. నాలుగైదు రోజులు చూశాక అనుమానం వచ్చింది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు వాళ్ల బ్యాగుల పక్కన సీసాలు పొద్దున వచ్చినట్టే నిండుగా ఉండేవి. మాట వినని మొండితనమనుకున్నాను. నిజానికి ఈ బాత్రూములు కట్టకముందు, మామూలు నెలల్లో వాళ్లు జట్లు జట్లుగా వెనక తోటలోకి పోయి వచ్చేవాళ్లట. సీజన్లో అక్కడంతా కాయలు కోసే మగవాళ్లు, గోడ వెంబడి ట్రాక్టర్లు, డ్రైవర్లు. పోవడానికి చోటు లేక తాగడమే మానుకున్నారు. పొద్దున ఇంట్లో కూడా తాగకుండా వచ్చేవాళ్లట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పదో తరగతిలో రెండో బెంచీలో కూర్చునే ఒక పిల్ల. బాగా చదివే పిల్ల, మాట తక్కువ. వాళ్ల నాయన కూడా ట్రాక్టరు డ్రైవరే. ఆరోజు గంట మోగినప్పుడు నేను ఆ తరగతిలోనే ఉన్నాను. ఆ పిల్ల సీసా నోటికి పెట్టుకుంది, గొంతు మాత్రం కదలడం లేదు. కిడ్నీల పాఠం చెబుతుండగా, నా కళ్ల ముందే నటన. నాకు చిర్రెత్తుకొచ్చింది. లేచి నిలబడమన్నాను. సీసా మొత్తం తాగితే గానీ కూర్చోవద్దన్నాను. తాగింది. మధ్యలో ఒక్కసారి సీసా మీదుగా నావైపు చూసింది. అందరూ చూస్తుండగా లీటరు నీళ్లు ఆఖరి చుక్కదాకా తాగించాను. మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఒక మంచి పని చేసినట్టు చేతులకంటిన సుద్ద దులుపుకుని స్టాఫ్ రూముకు వెళ్లిపోయాను.

ఇంకో గంటకు స్టాఫ్ రూములో కూర్చుని స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుకుంటున్నాను. ఎదురుగా లెక్కల సారు, హిందీ సారు, ఇంకా ఇద్దరు ఏదో మాట్లాడుకుంటున్నారు. వాకిట్లో నీడ కదిలితే తలెత్తాను. ఆ పిల్ల. చున్నీ కొస చేత్తో మెలిపెడుతూ నిలబడి ఉంది. నా మనసులో ఇంకా పొద్దుటి చిరాకు పోలేదు. "మళ్లీ ఏమిటి? క్లాసుకు పో" అన్నాను. నోరు తెరవబోయింది, సార్లవైపు చూసింది, మళ్లీ నావైపు చూసింది. నేను పేపరు మీదికి తల వంచేశాను. ఎంతసేపు నిలబడిందో చూడలేదు.

కాసేపటికి ఆయమ్మ కూతురు పరుగెత్తుకుంటూ వచ్చి పిలిస్తే బాత్రూములవైపు వెళ్లాను. అప్పటికే ఆ పిల్ల చున్నీని నడుముకు చుట్టుకుని గేటు దాటిపోతోంది. వెనక్కి తిరగలేదు. తాళం వేసిన తలుపు ముందు గడప తడిసి ఉంది. పక్క మైదానంలో తొమ్మిదో తరగతి మగపిల్లలు పీటీకి వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కనీసం వాళ్లను తిట్టి నా మనసు తేలిక చేసుకునేదాన్ని. తరగతికి వెళితే రెండో బెంచీ మీద ఆ పిల్ల బ్యాగు, ఖాళీ సీసా ఉన్నాయి. సాయంత్రం దాకా ఎవరూ వాటిని ముట్టుకోలేదు.

మూడు రోజులు చూశాం, రాలేదు. నాలుగోరోజు నేనూ పెద్దమేడమూ వాళ్ల ఊరికి వెళ్లాం. ఇంటికి తాళం. పిల్ల వాళ్ల అమ్మతోపాటు గుజ్జు ఫ్యాక్టరీకి పోతోందని పక్కింటివాళ్లు చెప్పారు. పదో తరగతి పిల్ల, బడికి ఇట్లా ఒకసారి దూరమైందంటే ఇక తిరిగి రావడం ఉండదు, అది మాకిద్దరికీ తెలుసు. మధ్యాహ్నం అన్నాల వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాం. రేకుల నీడలో ఆడవాళ్లు క్యారియర్లు విప్పుకుని కూర్చుని ఉన్నారు. ముందుగా మమ్మల్ని చూసింది ఆయమ్మ. మోచేతులదాకా పసుపు రంగు, మీద మామిడి వాసన. మేం ఎందుకొచ్చామో చెప్పనక్కర లేకపోయింది. కూతురు చెప్పినట్టుంది, ఆమెకు అంతా తెలుసు.

"సదువుకునే బిడ్డను ఈడికి తెచ్చింది వాళ్లమ్మ కాదు మేడం, మన తాళం తెచ్చినాది" అంది. మీ తాళం అనలేదు, మన తాళం అంది. ఆమే మళ్లీ, "నేను ఉణ్ణింటే ఆ తాళం పడేదా? ఏం సేసేది మేడం, ఇంట్లో నలుగురు తినాల. జీతం రాల్యా, వచ్చేస్తి" అని కళ్లు తుడుచుకుంది. తప్పు ఎవరిదో తెలిసిన నేను, తనది కాని తప్పును ఆమె తన నెత్తిన వేసుకుంటుంటే వింటూ నిలబడ్డాను. ఆ పిల్ల అవతల, వాళ్ల అమ్మ వెనక కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మొహం గోడకు తిప్పుకుంది. వాళ్ల అమ్మ లేచి మా దగ్గరికి వచ్చింది. "దాన్ని ఏం అనద్దండి మేడం. అది ఇంట్లో గూడా నీళ్లు తాగేది మానేసింది" అని చాలా నెమ్మదిగా చెప్పింది. నాలుగు అడుగులు వేస్తే ఆ పిల్ల దగ్గరికి వెళ్లేదాన్ని. వెళ్లలేదు. సిగ్గేసింది. నా సిగ్గుకు కూడా తలుపులున్న చోటు దొరకలేదు ఆరోజు.

మర్నాడు నేను స్కూలుకు వెళ్లేసరికి పెద్దమేడం నాకంటే ముందు వచ్చి ఉంది. నా బ్యాగు పిడికి ఉన్న తాళంచెవులు ఆమే విప్పుకుంది. నాలుగు తాళాలూ తీసి బీరువాలో పడేసింది. బీరువాలో ఉన్న ఫినాయిలు సీసాలన్నీ, ధర చీటీలతో సహా బకెట్లన్నీ బయటికి తెచ్చింది. హుండీ ఖాళీ కావడం మేం చూడటం అదే మొదటిసారి. ఇంట్లో చీపురు ముట్టుకునే అవసరం లేని మనిషి, జరీ అంచు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఆడపిల్లల్ని లోపలికి పొమ్మని పిలిచింది. వాళ్లు వాడి వచ్చాక వెళ్లి కడిగింది. నేను పైపు పట్టుకున్నాను. గుమాస్తా వద్దు మేడం, వద్దు మేడం అంటూ చుట్టూ తిరిగాడు. ఆయన చేతికి కూడా ఒక చీపురు ఇచ్చింది, అంతటితో ఆ గోల ఆగింది.

ఫోటోల్లో ఇప్పుడు తడి అడుగులు, మట్టి, ఒక విరిగిన మగ్గు పడుతున్నాయి. తుడిచి తియ్యమంటారా అని అడిగితే, ఎట్లుంటే అట్లే తియ్యమంది. మూడోరోజుకే పైనుంచి ఫోను వచ్చింది. మీ స్కూలుకు ఏమైంది, మొన్నటిదాకా అంత బాగున్నవి ఇట్లా అయ్యాయేమిటని. ఆమె గొంతు పెంచలేదు. "వాడతా ఉండాం సార్, అందుకే అట్లుండాయి. కడిగే మనిషికి జీతం పంపించండి, మళ్లా బాగుంటాయి" అంది. జీతం రాలేదు, సంజాయిషీ ఇవ్వమని కాగితం వచ్చింది. బీరువా ఎట్లాగూ ఖాళీగానే ఉంది గనక దాన్ని అందులో పెట్టుకుంది.

ఈ సంగతి కూతురి ద్వారా ఆయమ్మకు తెలిసింది. ఆ తర్వాత రోజు నుంచీ ఫ్యాక్టరీకి పోయే ముందు పొద్దున ఆరు గంటలకే వచ్చి కడిగిపోవడం మొదలుపెట్టింది. జీతం గురించి మేమేమీ మాట ఇవ్వలేకపోయాం, ఆమే ఇచ్చినప్పుడు ఇస్తారులే అంది. ఒక ప్రభుత్వం రోజూ పెట్టాల్సిన ఖర్చును చేతుల నిండా మామిడి జీడి అంటి పొక్కిన పుండ్లున్న ఒక ఆడమనిషి పెట్టుకుంది. దాన్ని గొప్పతనమని చెప్పుకోవడం నాకు చేతకాదు, తలుచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది. పదోరోజో పదకొండోరోజో ఆమె ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నేను వరండాలోంచి చూస్తున్నాను. తరగతివైపు తీసుకుపోలేదు. తిన్నగా బాత్రూముల దగ్గరికి తీసుకుపోయి ఒక్కొక్క తలుపూ తీసి చూపించింది, లోపలి గడియ వేసి తీసి చూపించింది. నాలుగో తలుపు కూడా చూశాక ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని తరగతిలోకి వెళ్లి రెండో బెంచీలో కూర్చుంది.

చదువుకుంది, పాసైంది. కానీ ఆ ఏడాదంతా నా క్లాసులో సీసా మూత తియ్యలేదు. నేను నీళ్ల గంట మాన్పించేశాను, ఎందుకని ఎవరూ అడగలేదు. నాలుగు మాటల్లో అయిపోయే క్షమాపణను రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం అని వాయిదా వేస్తూ వచ్చాను. టీచరు పిల్లకు చెప్పేదేమిటన్న బింకం కూడా లోపల ఉండే ఉంటుంది. కార్తీకంలో ఆయమ్మ జీతం అంతా ఒక్కసారి వచ్చింది. మార్చి ఆఖరి వారంలో గ్రాంటు వచ్చింది, ఉన్నపళంగా ఖర్చు పెట్టమన్నారు, మళ్లీ బీరువా నిండా ఫినాయిలు కొన్నాం. అప్పటికి పదో తరగతివాళ్లు వెళ్లిపోయారు. సర్టిఫికెట్లకు ఆ పిల్ల ఎప్పుడొచ్చి వెళ్లిందో నాకు తెలియలేదు.

పోయిన నెల పెన్షన్ కాగితాల పని మీద చిత్తూరు వెళ్లాను. తిరుగు ప్రయాణానికి బస్టాండులో కూర్చుని ఉంటే ఎవరో అమ్మాయి వచ్చి పక్కన నిలబడి, బాగుండారా మేడం అని అడిగింది. పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. చిత్తూరులోనే నర్సింగు చదువుతోందట. మా పాఠాలన్నీ అక్కడ పనికొస్తున్నాయని చెప్పింది, ఏ పాఠాలో నేను అడగలేదు. ఎండ మండిపోతోంది. నా మొహం చూసి బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది.

"వద్దు పాపా, తిరుపతిదాకా పోవాల. రెండు గంటలు. దోవలో యాడా ఆపరు" అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో నాకు వినపడలేదు. ఆ పిల్ల సీసా అట్లాగే పట్టుకుని నావైపు చూసి చిన్నగా నవ్వింది. ఇన్నేళ్లు వాయిదా వేసింది అక్కడ, వేరుశనక్కాయలు అమ్మేవాళ్ల కేకల మధ్య బయటపడింది. ఆ పొద్దు నువ్వు వాకిట్లో నిలబడితే ఏం కావాలని అడగల్యా, తాళంచెవులు నా బ్యాగుకే ఉండాయి, తప్పంతా నాదే అన్నాను.

"తెలుసు మేడం. సూసినా. బ్యాగుకు ఎర్ర రిబ్బనుతో ఏలాడతా ఉన్నింది" అంది. మళ్లీ తనే, "అందురు సార్లుండారు గదా, ఎట్ల అడిగేది" అంది. అందులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరమాడినా భరించేదాన్ని.

తర్వాత నా చేతిలోంచి హ్యాండ్‌బ్యాగు తీసుకుంది. "రాండి మేడం, ఆ పక్క బాత్రూము బాగుండాది. నేను బ్యాగు పట్టుకొని బయటే ఉంటా. పోయొచ్చినాక నీళ్లు తాగుదురు" అంది. చిన్నపిల్లలాగా వెనకే వెళ్లాను. తిరిగొచ్చేసరికి నా బ్యాగు గుండెకు ఆనించుకుని, తలుపువైపు ఎవరూ రాకుండా చూస్తూ నిలబడి ఉంది. సీసాడు నీళ్లూ తాగాను. కళ్లు కారుతుంటే చెంగుతో తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఈలోగా తిరుపతి బస్సు వెళ్లిపోయింది, ఇంకోటి వచ్చేదాకా నా పక్కనే కూర్చుంది. అప్పుడు ఏమేం మాట్లాడుకున్నామో ఇప్పుడు సరిగా గుర్తు లేదు.

ఈరోజు పదిన్నరకు గంట మోగినప్పుడు మా ఆయన పిలవకముందే వెళ్లి చెంబు అందుకున్నాను. ఆయన వింతగా చూశాడు, కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఆరేళ్లు మోశాను దీన్ని. ఆ పిల్ల నా కోసం బయట నిలబడింది అయిదు నిమిషాలు, అంతకంటే ఎక్కువ కాదు. ఆరోజు నేను ఆ పిల్లకు ఇవ్వాల్సింది కూడా ఆ అయిదు నిమిషాలే.